చౌడు మిద్దె మీద సిమెంటు

ఇల్లు అమ్మాలనుకునేవాళ్ళు ఈ మధ్య నన్ను సలహా అడుగుతున్నారు. చేతిలో సివిల్ డిప్లొమా ఉంది, తాలూకా అంతా తిరిగే ఉద్యోగం ఉంది, కాబట్టి నాకు తెలుసనుకుంటారు. నేను మొదట అడిగేది దస్తావేజుల గురించి కాదు. పైకప్పు మీద ఏముంది, దాన్ని మోసేది ఏది, దాని కింద ఎవరున్నారు అని అడుగుతాను. మూడో ప్రశ్న నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అది ఎమ్మిగనూరులో మా మేనత్త ఇంట్లో, ఒక వారం రోజుల భయంలో తెలిసొచ్చింది.

అవి డెబ్బైల చివరి ఏళ్ళు. పాలిటెక్నిక్ ముగించి ఆదోనిలో ఇంటి దగ్గర ఉన్నాను. ఉద్యోగానికి పిలుపు ఇంకా రాలేదు. మేనత్త మా ఇంట్లోనే వెనక గదిలో ఉండేది. భర్త పోయాక ఎమ్మిగనూరులోని తన ఇంటిని ఒక నేతగాడి కుటుంబానికి బాడుగకిచ్చి మా దగ్గరికి వచ్చేసింది. అన్నేళ్ళు మాతో ఉన్నా ఒక్క రాత్రి కూడా మా వీధి తలుపు తను మూయలేదు. "మీ తలుపు, మీరేసుకోండి" అనేది. అందులో కోపం లేదు, అలాగని ఊరికే అన్న మాటా కాదు.

ఆ ఏడు మా సందు చివర రెండు గదుల ఇల్లు అమ్మకానికి వచ్చింది. అత్త పోయి చూసింది. చూసొచ్చిన సాయంత్రమే బజారుకు పోయి ఒక ఇత్తడి తాళం కొనుక్కొచ్చి దిండు కింద పెట్టుకుంది.

"ఏమత్తా, ఇల్లు లేకుండానే బీగమా?" అన్నాను.

"బీగముంటే ఇల్లు దానంతటదే వస్తాది. నువ్వు పోయి ఎమ్మిగనూరి ఇల్లు అమ్మిచ్చురా అబ్బీ. సదివినావు గదా, ఆ సదువు దేనికి?"

సందు చివరి ఇంటివాళ్ళు ఆషాఢం దాకా ఆగుతామన్నారు. ఆలోగా ఎమ్మిగనూరి ఇల్లు అమ్ముడుపోతేనే అత్తకు తన తలుపు దొరుకుతుంది. నేను నోటుపుస్తకం తీసి పదకొండు అంశాలు రాసుకున్నాను. మూల దస్తావేజు, దాని ముందువాటి నకళ్ళు, నాలుగు దిక్కుల హద్దులు చెప్పే చెక్కుబందీ, పక్కింటితో ఉమ్మడిగా ఉన్న గోడ ఎవరిదన్న రాత, ఇంటిపన్ను రసీదులు, తలుపుల మరమ్మతు, సున్నం, కప్పు, ఇలా సాగింది ఆ పట్టిక. పదకొండో అంశం 'బాడుగవాళ్ళు'. దాని ఎదురుగా 'చెప్పాలి' అని మాత్రమే రాశాను.

అది మట్టి గోడల మిద్దె. గోడల మీద మూడు దూలాలు, వాటి మీద అడ్డంగా సన్న దంతెలు, దంతెల మీద చీల్చిన కట్టెలు, వాటి మీద ఆకు, అన్నిటి మీద చౌడు మన్ను. చౌడు వాన పడితే ఉబ్బి తన నెర్రెలు తానే మూసుకుంటుంది, ఎండకు మళ్ళీ విచ్చుకుంటుంది. అందుకే తొలకరి ముంగారు వానలకు ముందు ఏటా కొత్త మన్ను పరవాలి. మా వైపు ఒప్పందం ఏమిటంటే, మన్ను బండి ఇంటాయనది, పరిచే చేతులు బాడుగవాళ్ళవి. ప్రతి ఇంట్లో ఒక మూల గంపెడు ఎండు చౌడు ఉంటుంది. వానలో ఎక్కడ కారితే అక్కడికి ఆడవాళ్ళు మిద్దెక్కి, దోసెడు మన్ను వేసి, మడమతో తొక్కి దిగుతారు. మరమ్మతంటే అంతే. నాలుగైదేళ్ళకోసారి పాత మన్ను గీకి పారేసి మొదటి నుంచి వేయాలి. మా అత్త అక్కడ లేని ఇన్నేళ్ళలో ఆ గీకడం జరగలేదు. మన్ను జానెడుకు పైగా పేరుకుపోయింది.

చూడ్డానికి వచ్చిన మొదటి మనిషి ఆదోని వేరుశెనగ వ్యాపారి. గోడలు తట్టి చూశాడు, వాకిలి అడుగులతో కొలుచుకున్నాడు, మిద్దెక్కి ముఖం చిట్లించాడు.

"ఇంట్లో కాయ నిలవ పెట్టుకుంటా, పైన ఎండబోసుకుంటా అనుకుంటి. ఈ మన్ను మీద పోస్తే కాయేదో మన్నేదో నా పెండ్లాం కూడా ఏరలేదు."

"పైన సిమెంటు చేయిస్తాను" అన్నాను. నన్నెవరూ అడగలేదు. నోటుపుస్తకం చేతిలో ఉంది కాబట్టి అన్నాను.

తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి సిమెంటు పర్మిట్ తెచ్చాను. పని కోసం ఎమ్మిగనూరులోనే ఒక ముసలి బేల్దారిని పిలిచాను. నలభై ఏళ్ళుగా మిద్దెలు కట్టే సాయిబు. ఆయన మన్నులోకి చెయ్యి దోపి, ముంజేతి నడుమదాకా పోయాక తీసి చూపించాడు.

"ముందు ఈ పాతదంతా దించల్ల సాబ్. గొంగడి తియ్యకుండా దానిమీద రేకు మూత పెడితే లోపల గొంగడి మురుగుతాది."

"దించి మళ్ళీ కొత్తది వేయాలంటే పది రోజులు పడుతుంది చాచా. ఆయప్ప మళ్ళీ చూడ్డానికి వస్తున్నాడు. బరువు నేను లెక్క వేశాను. దూలం మోస్తుంది."

"దూలాన్ని అడిగినావా?"

"లెక్కలో అడిగాను."

ఆయన నవ్వి తాపీ తీసుకున్నాడు. "నువ్వు సదివినోడివి. నాది చెయ్యి, నీది మాట. ఎవరన్నా అడిగితే అట్లనే సెప్తా."

రెండంగుళాల కాంక్రీటు, దాని మీద నున్నటి పూత. పుస్తకంలో ఉన్నట్టే ఏడు రోజులు గట్లు కట్టి నీళ్ళు నిలిపాను. నీళ్ళు మోసింది నేతగాడి భార్య. ఎనిమిదో రోజు వ్యాపారి వచ్చి చెప్పులు విడిచి కప్పు మీద అటూ ఇటూ నడిచి, "ఇప్పుడు ఇల్లయినాది" అన్నాడు. వచ్చే గురువారం మంచిరోజు, అత్తయ్యను పిలుచుకొని రా, బయానా ఇస్తానన్నాడు. ఆ సాయంత్రం అత్త తాళానికి కొబ్బరినూనె పెట్టింది.

శుక్రవారం ముంగారు మొదటి వాన కురిసింది.

శనివారం నేను పోయేసరికి నేతగాడి భార్య వాకిట్లో నిలబడి ఉంది. పక్కన చౌడు గంప.

"మగ్గం మీద కారింది నాయనా. ఎప్పటి మాదిరి మన్ను తీసుకొని పైకెక్కినా. ఆడ రాయి మాదిరి ఉంది. మన్ను యాడ పెట్టల్ల? తొక్కితే నా మడమ నొచ్చింది గాని కారేది నిలిచిందా?"

పైకెక్కి చూశాను. నున్నటి పూత మీద వెంట్రుకల్లాంటి చీలికలు. నీళ్ళు వాటిలోంచి లోపలికి పోయాయి, పైకి ఆవిరై వచ్చే దారి లేదు. నేను సిమెంటు పాలు కలిపి ఆ చీలికలు కూడా మూసేశాను. కిందికి దిగి తలెత్తితే నడిమి దూలం నాకు తిన్నగా కనపడలేదు. కళ్ళు చికిలించి మళ్ళీ చూశాను. కనపడలేదు.

నాకు తెలిసిన పద్ధతి ఒకటుంది. ఆ మిద్దె ఎత్తు తక్కువ, చెయ్యెత్తితే దూలం అందుతుంది. దూలం రెండు చివర్ల కింద గోడల్లో మేకులు కొట్టి, పురికొస బిగించి కట్టాను. కొస తిన్నగా ఉంటుంది. దూలం వంగితే మధ్యలో కొసకూ దూలానికీ ఎడం తగ్గుతుంది. స్కేలు పెట్టి చూస్తే అంగుళంపావు. తేదీ వేసి రాసుకున్నాను.

నేతగాడు ఆ దూలం నడుమ భాగానికి సరిగ్గా కింద, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. మా అత్తను వదినా అని పిలిచేవాడు కాబట్టి నేను అల్లుణ్ణి. నేను చేసేదంతా చూస్తున్నాడు గాని చెయ్యి ఆపలేదు.

"ఏమల్లుడా, నువ్వూ మగ్గం పెడతాండావా? ఒక్క పోగుతో ఏం నేస్తావు?"

"మామా, నాలుగు రోజులు పిల్లల్ని తీసుకుని వేరే ఇంట్లో ఉండండి. ఈ కప్పు మీద నాకు అనుమానంగా ఉంది."

చెయ్యి అప్పుడు ఆగింది. "పడుగు మగ్గం మీదుండాది. నాలుగు చీరల పడుగు. రెండైనాయి, మూడోది సగం. దీన్ని యాడికి మోసకపోవల్ల? తెంచితే మళ్ళీ అతికేది నువ్వా? మా ఇండ్లల్లో మనిషి సచ్చినా పడుగు దించి పోరు, నేసి దించుతారు. పెండ్లాం పిల్లోల్లను కావల్లంటే పంపిస్తా."

"మనిషి సచ్చినాక నేసేదెవరు?" అంది భార్య గుమ్మంలోంచి.

"నీ తమ్ముడున్నాడు గదా, ఉలకకుండా పలకకుండా కూర్చోనుండేటోడు."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దూలం కింద నిట్రాట పెట్టి ఊతమిద్దామంటే, ఊతం పెట్టాల్సిన చోటు సరిగ్గా ఆయన కాళ్ళు పెట్టుకునే గుంట. రెండు వైపులా పడుగు పరుచుకుని ఉంది. పిల్లల్ని ఆమె చెల్లెలింటికి పంపించారు. ఆమె మాత్రం పోలేదు.

ఆదివారం అంగుళంపావు. సోమవారం అంగుళంపావు. అయినా భయం పోలేదు. ఆదోనిలో మా ఇంట్లో భోజనం చేస్తూ పైకి చూసేవాణ్ణి. "ఆడ ఏముందిరా, పప్పు పైన కారతాందా?" అని అత్త అడిగేది. ఏమీ లేదనేవాణ్ణి. బయానాకు కట్టుకునే చీర ఏదని ఆమె రెండుసార్లు అడిగింది.

మంగళవారం ఆదోనిలోని ఒక బీమా ఆఫీసుకు పోయాను. కూలితే కనీసం నేతగాడి సామాను నష్టం కాకుండా చూద్దామని నా ఆలోచన. మగ్గం, నూలు, పెట్టె, పాత్రలు, మంచం, అన్నీ వరుసగా రాసుకుపోయాను. ఆఫీసరు పెద్దాయన, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని పట్టిక చదివాడు.

"ఇల్లు ఎవరిది?"

"మా అత్తది."

"నూలు?"

"నేతగాళ్ళ సంఘం ఇచ్చింది."

"అంటే ఇల్లు మీయత్తది, నూలు సంఘానిది. మరి ఆయప్పదేముంది?"

"మగ్గం. పాత్రలు."

"బాడుగ ఇంట్లో ఉండేటోని సామాను ఇంటాయన బీమా కిందికి రాదు. అది ఆయప్పే వచ్చి, తన పేరుతో, తనవి ఏవో తనవి కానివి ఏవో రాసిచ్చి చేసుకోవల్ల. అది మంచి పనే, ఎవరూ చెయ్యరు. సరే, ఇప్పుడు ఎందుకొచ్చినావు? ఉన్నట్టుండి ఇంత ప్రేమ ఎందుకు?"

నాకు అబద్ధం ఆడటం రాదు. దూలం సంగతి చెప్పాను. ఆయన పట్టిక మడిచి నా చేతిలో పెట్టాడు.

"నాయనా, వస్తాదో రాదో తెలియని దానికి బీమా. వస్తాందని తెలిసి నువ్వు పరిగెత్తుకొని వచ్చినావు. ఈడికి కాదు, బేల్దారి ఇంటికి పరిగెత్తల్ల. చెదలు తిన్నా, బాగు చెయ్యక పడినా దాన్ని మేము ప్రమాదం అనము. అశ్రద్ధ అంటాము."

బుధవారం పొద్దున ఎమ్మిగనూరు బస్సులో నోటుపుస్తకం తెరిచి బరువు లెక్క మళ్ళీ చూశాను. కాంక్రీటు బరువు సరిగ్గానే వేశాను. కింద ఉన్న చౌడు మందం కూడా వేశాను. దాని ఎదురుగా నా చేతిరాతతోనే ఉంది, 'పొడి మన్ను'. ఏడు రోజులు నీళ్ళు నిలిపింది నేను. మూత వేసింది నేను. వాన నీళ్ళు దిగాక చీలికలు మూసింది కూడా నేనే. ఆ మన్ను ఇప్పుడు పొడిగా లేదు. బస్సు ఆగిన ప్రతి చోటా దిగి పరిగెత్తాలనిపించింది.

లోపలికి పోగానే కొస కింద స్కేలు పెట్టాను. అంగుళంపావు. "చూడు మామా, నాలుగు రోజులుగా కదల్లేదు" అన్నాను.

నేతగాడు నేత ఆపి, గుంటలోంచి లేచి నిలబడి పురికొసను గోటితో మీటాడు. అది మెత్తగా ఊగింది.

"ఇది బిగువా అల్లుడా? ఈ సాగే కొసతో కొలుస్తాండావా? పోగు గురించి నన్నొక మాట అడిగింటే పోయేది గదా."

ఆయన గంజి పెట్టిన పడుగు పోగులు నాలుగు పేని, మేకులు చూశాడు. ఒక మేకు మట్టిగోడలో వదులై కిందికి వాలి ఉంది. దాన్ని పీకి, నేను మొదట కొట్టిన ఎత్తులోనే గట్టి చోట మళ్ళీ కొట్టి, తన పోగు బిగించాడు. మీటితే టంగుమంది. నేను స్కేలు పెట్టాను.

అరంగుళం కూడా లేదు.

దూలం ముప్పావు అంగుళానికి పైగా కిందికి వచ్చింది. దానితో పాటే నా పురికొస కూడా సాగి కిందికి వచ్చింది. రెండూ కలిసి దిగుతుంటే నేను మధ్యలో ఎడం కొలుచుకుని 'మార్పు లేదు' అని నాలుగు రోజులు రాసుకున్నాను.

అప్పుడు నా కళ్ళు ఇంకో చోటికి పోయాయి. పేకను కొట్టే పలక ఆ మగ్గానికి పైకప్పు దంతెల నుంచి రెండు తాళ్ళతో వేలాడుతుంది. ఆ తాళ్ళకు కొత్త ముడులు ఉన్నాయి.

"ఈ ముడులు ఎప్పుడేశావు మామా?"

"వాన తడికి తాళ్ళు సాగినట్టుండాది. పలక కిందికి కొడతాంటే ఆదివారం ఒక ముడి, నిన్న ఒక ముడి ఎక్కిచ్చినా."

"తాడు సాగలేదు మామా. కప్పు దిగింది."

ఇద్దరం తలెత్తి చూశాం. భార్య వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని గుంట దగ్గర్నుంచి ఇవతలికి లాగింది.

నేను బేల్దారి ఇంటికి పరిగెత్తాను. గుంట మీదుగా ఊతం ఎలా పెట్టాలో బొమ్మ గీసి చూపించబోతే ఆయన కాగితం పక్కకు తోశాడు.

"పైన బరువు పెట్టి కింద కట్టె నిలబెడతానంటావేంది? తలమీద మూట దించకుండా నడుముకు గుడ్డ కడతావా? మూట దించల్ల సాబ్. నీ సిమెంటు పగలగొట్టల్ల. రేపు పొద్దున్నే."

"రేపు గురువారం చాచా. బయానా రోజు."

"అది నువ్వూ మీయత్తా మాట్లాడుకోండి. నేను పొద్దున ఉలి తీసుకొని వస్తా. వద్దంటే ఇంటికి పోతా."

ఆదోనికి తిరిగొచ్చే దారి పొడుగునా నేను మనసులో ఒక పట్టిక వేసుకున్నాను. ఒకటి, వ్యాపారికి చెప్పకుండా బయానా తీసుకుని తర్వాత కప్పు సర్దడం. రెండు, గురువారం దాటించి శుక్రవారం పగలగొట్టడం. మూడోది రాయడానికి ముందే మొదటిదాని మీద ఆ వేరుశెనగ బస్తాలు కనిపించాయి. కొన్న మర్నాడే ఆయన వాటిని పైన పోస్తాడు. రెండోదాని కింద నేతగాడు కనిపించాడు. ఆకాశంలో మబ్బు ఉంది.

అత్త వెనక గదిలో చీర మడతపెట్టుకుంటోంది. నిలబడే చెప్పాను. సిమెంటు, తడి మన్ను, కొస, తాళ్ళ ముడులు, అన్నీ వరుసగా. ఆమె మధ్యలో ఒక్కటే అడిగింది.

"నడిమి దూలం కిందే గదా ఆయప్ప కూర్చునేది?"

"అవునత్తా."

"పొద్దంతా?"

"పొద్దంతా."

చాలాసేపు చీర అంచు సరిచేసింది. "ఆ దూలం కింద నేను పదహారేండ్లు వంట చేసినా. ఎప్పుడూ తలెత్తి సూడల్సిన పని రాలేదు. రేపు నేనూ వస్తా. బేల్దారిని పని మొదలుపెట్టమను. కానీ ఆ కాయలాయప్పకు నువ్వే సెప్పల్ల. నేను సెప్పను." ఆ పూట నాకు అన్నం పెట్టి తన గదిలోకి పోయింది.

గురువారం పొద్దున బేల్దారి గోడ నుంచి గోడకు పలకలు వేయించాడు, కప్పు మీద ఎవరి బరువూ పడకుండా. గడ్డపార ముట్టనివ్వలేదు. ఉలి, చిన్న సుత్తి మాత్రమే. మధ్య నుంచి మొదలుపెట్టాలని నేననబోతుంటే ఆయనే మధ్యలో కూర్చున్నాడు. పగిలిన పెచ్చులు గంపల్లో దించడానికి ఇద్దరు కూలీలు. దెబ్బలకు దూలం ఎటు పోతుందో కింద ఒకరు చూస్తూ ఉండాలి. పోగు తెలిసినవాడు నేతగాడు, కానీ ఆయన్ను భార్య లోపలికి పోనివ్వలేదు. నేను పోయాను. నిలబడటానికి ఉన్న ఒకే చోటు మగ్గం గుంట. పడుగు మీద చాప కప్పి, నేను ఆ మోకాటి లోతు గుంటలోకి దిగాను.

"అల్లుడా, కాళ్ళు యాడ పెడతావో సూసుకో" అన్నాడు నేతగాడు గుమ్మంలోంచి. "పడుగు తెగిందంటే దూలం కంటే ముందు నేను పడతా నీ మీద."

స్కేలు కంటే అగ్గిపెట్టె సులువని దాన్ని పట్టుకున్నాను. పోగుకూ దూలానికీ మధ్య పడుకోబెట్టి తోస్తే అది అటూ ఇటూ ఒరుసుకుంటూ పోయింది. మొదటి దెబ్బకు మన్ను రాలి కళ్ళల్లో పడింది. పదో దెబ్బకు దంతె ఒకటి కీచుమంది. "ఎట్లుంది సాబ్?" అని పైనుంచి కేక. "అట్లనే ఉంది!" అని నా కేక. రెండు గంపలు దిగాక అగ్గిపెట్టె పోలేదు. పైన ఎవరో పలక దిగి కప్పు మీద అడుగు పెట్టారు. "కాలు తియ్యండి!" అని అరిచాను. కాలు తీశారు. మళ్ళీ పోయింది.

అప్పుడే వ్యాపారి వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో పూలు, ఆకువక్కలు ఉన్న సంచి. వాకిట్లో సిమెంటు పెచ్చుల కుప్ప చూసి ఆగిపోయాడు. గుమ్మం పక్కన అత్త మంచి చీరలో కూర్చుని ఉంది. ఆమె ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది.

నేను గుంటలోంచే చెప్పాను. అగ్గిపెట్టె వదలడానికి వీల్లేదు. "అయ్యా, మీరు చూసిన కప్పు నేను చేసిన తప్పు. కింద పాత మన్ను తియ్యకుండా వేయించాను. అది తడిసి దూలం వంగింది. మీరు కాయలు పోసుంటే కూలేది. దూలం మార్చాలి. మార్చాక మళ్ళీ చౌడే వేస్తాం. దాని మీద కాయలు ఎండబోయడానికి వీలుకాదు."

ఆయన గుమ్మంలోంచి లోపలికి తొంగిచూశాడు. దూలాన్ని చూశాడు, మన్ను నిండిన నా తలను చూశాడు.

"ముందే సెప్పినావు. అది మంచిదే. కానీ నాకు కావల్సింది కాయలకు కొట్టం అబ్బాయ్, కాయిలా పడిన మిద్దె కాదు." అత్తకు చేతులు జోడించాడు. "వస్తానక్కా. దేవుడు మేలు చెయ్యనీ." పూల సంచి తీసుకునే వెళ్ళిపోయాడు.

పైన ఉలి చప్పుడు ఆగలేదు. "సాబ్, ఎట్లుంది?" అన్నాడు బేల్దారి. చూశాను. అగ్గిపెట్టె ఒరుసుకోకుండా పోయింది. పైన ఒక అగ్గిపుల్ల పట్టేంత సందు ఉంది.

మధ్యాహ్నానికి సిమెంటంతా, సాయంత్రానికి తడి మన్ను సగం దిగాయి. మిగతా మన్ను మర్నాడు దించారు. నేతగాడు చాప తీసి, చెయ్యి పెట్టి పోగులన్నీ తడిమి చూసుకుని, తాళ్ళకు వేసిన రెండు ముడుల్లో ఒకటి విప్పాడు. మూడో చీర, నాలుగో చీర ఆ వారంలో నేసి పడుగు దించాడు. దించిన రోజే నడిమి దూలం మార్చాం. గోడలో ఉన్న దాని కొసను బయటికి లాగితే జానెడు మేర చెదలు తినేసి ఉంది. నేను దాన్ని ఒక్కసారి కూడా సుత్తితో తట్టి చూడలేదు. పట్టికలో 'కప్పు' అని రాసి, 'దూలం కొసలు' అని రాయలేదు.

సందు చివరి ఇల్లు ఆషాఢంలో వేరేవాళ్ళు కొన్నారు. అత్త ఆ దారిన పోవడం మానేసి చుట్టూ తిరిగి బజారుకు పోయేది. కొన్ని నెలలు నేను ఆమె ముందు అన్నం తినలేకపోయాను. దసరా తర్వాత ఒక రోజు తన పెట్టె సర్దుకుంది. ఎమ్మిగనూరి ఇంట్లో ముందు గది తనకు, వెనక మగ్గం గది నేతగాడికి అని వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారట. నాకెవరూ చెప్పలేదు. బస్సు దాకా పెట్టె మోసింది మాత్రం నేను. ముందు గదికి విడిగా తలుపు పెట్టించుకుంది. దానికి ఆ ఇత్తడి తాళం వేసింది.

ఇప్పుడు నేను ఇల్లు అమ్మేవాళ్ళకు చెప్పే మాటలు చాలావరకు అక్కడివే. కొనేవాడికి నచ్చడానికని కప్పు మీద కొత్త బరువు పెట్టొద్దు. దూలాల కొసలు గోడలోంచి తవ్వి చూడండి. తడిసినప్పటి బరువు లెక్క వేయండి. బాడుగకుండేవాళ్ళు తమ సామాను బీమా సంగతి వాన రాకముందే, ఇంటాయనతో పనిలేకుండా కనుక్కోవాలి. కొలిచే కొస ఏదో, అది సాగేదో కాదో, ఆ పని తెలిసినవాణ్ణి అడగండి.

ఏటా ముంగారుకు ముందు ఎమ్మిగనూరు పోతాను. చౌడు బండి వస్తుంది. నేతగాడి భార్యా, అత్తా పైకెక్కి పరుస్తారు. నేను నిచ్చెన మీద కాలు పెడితే అత్త పైనుంచే కేకేస్తుంది.

"నువ్వు ఎక్కొద్దు. నీ లెక్క కిందే ఉండనీ."

నేను లోపలికి పోతాను. కొత్త దూలం కింద గంజి పోగు ఇంకా బిగువుగానే ఉంది. నేతగాడు ఏటా మార్చి కడతాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి దూరుస్తాను. సులువుగా పోతుంది. వాన మొదలైతే మళ్ళీ తీసి దూరుస్తాను.